అమ్మ చదివిన బోర్డులు

నల్లగొండలో క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ వైపు తిరిగేవాళ్ళకు మా సూపర్ మార్కెట్ తెలిసే ఉంటుంది. పేరు రాయను. పాత గిరాకీలకు పేరుతో పని కూడా లేదు. "సేటు సూపర్ బజార్" అంటే ఆటోవాళ్ళు నేరుగా అక్కడే దింపేవాళ్ళు. 2023 దసరాకు ముందు దాన్ని మొత్తం మార్చేశారు. షాబాదు బండలు తీసి టైల్స్ వేశారు. ఇనుప రాడ్ల షట్టర్ల చోట అద్దాల తలుపులు వచ్చాయి. బాగుందనే అందరూ అన్నారు. చూడటానికి నిజంగా బాగుంది. నాకు మాత్రం ఆ పాత దుకాణం ఎట్లా ఉండేదో ఎక్కడైనా రాసి పెట్టాలని అప్పటినుంచీ ఉంది. మా అమ్మ గురించి చెప్పాలంటే ఆ దుకాణం గురించి చెప్పకుండా కుదరదు.

అది మారడం ఇది రెండోసారి. మొదటిసారి మారినప్పుడు నేను బడికి పోతున్నాను. అంతకుముందు అది మామూలు కిరాణా. రోడ్డు మీదికి రెండు మల్గీలు, ముందు అడ్డంగా ఎత్తయిన చెక్క బల్ల, బల్ల వెనక సేటు, గల్లాపెట్టె, తరాజు, బాట్లు. గిరాకీ అంతా బల్లకు ఇవతలే. ఏం కావాలో చెప్తే పనివాళ్ళు లోపలి నుంచి తెచ్చి, తూచి, పాత పేపర్లో పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవాళ్ళు. పండగ ముందు రోజుల్లో ఆ బల్ల దగ్గర మగవాళ్ళ గుంపు. గట్టిగా అరిచినవాళ్ళ సామాను ముందు వచ్చేది. అమ్మ గట్టిగా అరవదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక పక్కన నిలబడేది. నేను పైనుంచి వేలాడే పురికొస ఉండ గిరగిరా తిరగడం చూస్తూ ఆమె చీర పట్టుకుని నిలబడేదాన్ని.

ఆ బల్ల అంటే అమ్మకు పడేది కాదు. కారణం చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆమె పుట్టిన ఊళ్ళో దుకాణం మెట్టు మా వాళ్ళను ఎక్కనిచ్చేవాళ్ళు కాదట. కింద నిలబడి కొంగు పడితే పైనుంచి ఉప్పో, పప్పో పోసేవాళ్ళట. పైసలు మెట్టు మీద పెట్టి వెనక్కి జరగాలి. పోసింది మంచిదో, పుచ్చిందో ఇంటికి పోయి కొంగు విప్పితే గానీ తెలిసేది కాదు. పెళ్ళయి నల్లగొండ వచ్చాక ఎవరూ అట్లా నిలబెట్టలేదు. అయినా ఎత్తు బల్ల ముందు నిలబడి అవతలి మనిషి చేతికేసి చూడాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకు ఆ మెట్టే గుర్తొచ్చేదట.

95, 96 ప్రాంతంలో సేటు ఆ బల్ల తీసేయించాడు. రెండు మల్గీల మధ్య గోడ పడగొట్టి, వెనకున్న గోదామును కూడా కలిపి ఒకటే పొడుగాటి హాలు చేశాడు. ఇనుప ర్యాకులు పెట్టాడు. గుమ్మం దగ్గర రంగురంగుల ప్లాస్టిక్ బుట్టలు దొంతరగా పేర్చాడు. ఎవరికి కావాల్సింది వాళ్ళే తీసుకోవచ్చన్నాడు. హైదరాబాద్‌లో అట్లాంటివి ఉన్నాయని వినడమే గానీ మేము చూడలేదు. మొదటిసారి పోయినప్పుడు అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రా చెల్లె, లోపటికి రా. చూస్కొని తీస్కో," అన్నాడు సేటు గల్లా మీద నుంచే.

అమ్మ బుట్ట పట్టుకుని లోపలికి పోయి కందిపప్పు బస్తా ముందు నిలబడింది. చెయ్యి పెట్టొచ్చా అని అడిగింది.

"చెయ్యి పెట్టకుంట మంచిదో కాదో ఎట్ల తెలుస్తది? మంచిగ చూడు."

ఆమె చెయ్యి ముంజేతి దాకా పప్పులో పెట్టి, పిడికెడు తీసి, అరచేతిలో పోసి చూసి, ఒక గింజ కొరికి, మళ్ళీ బస్తాలో పోసింది. తీసుకోవాల్సిన పప్పు ఆ పక్క బస్తాలో దొరికింది. ఇంటికొచ్చాక నాన్నతో అంది, "ఇయ్యాల నేనే ఏరుకొని తెచ్చిన" అని. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. మార్పు అంటే పాతకాలం వాళ్ళకు గిట్టదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ దుకాణం మారడం వల్లే మా అమ్మ మొదటిసారి దుకాణం లోపల అడుగుపెట్టింది.

లోపల సామాను సర్దిన పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గుమ్మం దాటగానే ఎడమ గోడ పొడుగునా బియ్యం. సోనా మసూరి, దొడ్డు బియ్యం, నూకలు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో ఆడించి వచ్చిన బియ్యమే ఎక్కువ. వాటిని ఆనుకుని జొన్నలు, సజ్జలు. అవి అయిపోగానే కంది, పెసర, మినుము, శనగ. పప్పుల తర్వాత చింతపండు. చింతపండు పక్కన ఎండుమిరపకాయలు, కారంపొడి, పసుపు, దొడ్డుప్పు. ఆ మలుపులో పోపు సామాను చిన్న చిన్న రేకు డబ్బాల్లో. చివర నూనె డబ్బాలు. పొయ్యి వెలిగించిన ఆడమనిషి చెయ్యి ఏ వరసలో దేని మీదికి పోతుందో అదే వరస. అది సేటు భార్య చెప్పి పెట్టించిన వరస అని అమ్మ నమ్మకం. చీటీ రాసుకోని వాళ్ళు కూడా ఏదీ మర్చిపోకుండా బయటికి వచ్చేవాళ్ళు. ఆ గోడ వెంట నడుస్తుంటే రాత్రి వంటంతా మనసులో ఒకసారి అయిపోయేది. రెండో వరసలో సబ్బులు, సర్ఫు, కుంకుడుకాయలు, సీకాయ. మూడో వరసలో చాయ్‌పత్తి, చక్కెర, బిస్కెట్లు. దేవుడి సామాను మాత్రం ఎత్తున, ఎవరి కాళ్ళూ తగలని చోట.

ఒక్కో సామాను మీద ఒక్కో రేకు పలక. నల్ల రంగు పూసి దాని మీద తెల్ల పెయింటుతో సేటే స్వయంగా రాసిన తెలుగు అక్షరాలు. గుండ్రంగా, పెద్దగా, దూరం నుంచే కనబడేవి. ధర మాత్రం కింద సుద్దముక్కతో, ఎందుకంటే అది మారుతూ ఉండేది.

1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ పుణ్యమా అని అప్పటికి ఊరూరా, బస్తీబస్తీలో రాత్రి బడులు నడిచాయి. మా బస్తీలో కూడా నడిచింది. అమ్మ అన్నాలు పెట్టి, అంట్లు తోమి, పలక పట్టుకుని పోయేది. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు కూడా వచ్చాయి, కానీ చదవడానికి ఇంట్లో ఏముంది? పేపర్ తెప్పించే స్తోమత లేదు. నా పాఠ్యపుస్తకాలు ఆమెకు కష్టం. ఆమె చదువు నిలబడింది సేటు రేకు పలకల మీద. బుట్ట పట్టుకుని వరస వెంట నడుస్తూ పెదవులు కదిపేది. మెం...తు...లు. ధ...ని...యా...లు. చదవడం, ఆ పక్కనే చూడటం, వాసన చూడటం. ఏది ఎక్కడుందో ఆమెకు చదవకుండానే తెలుసు. అయినా చదివేది. "ధనియాలు"లో ధ దగ్గర ఎప్పుడూ ఒక క్షణం ఆగేది, తర్వాత సరిగ్గానే పలికేది. కొంతకాలానికి బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టింది. కనగల్, తిప్పర్తి, నకిరేకల్, మునుగోడు. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

2011 జనాభా లెక్కల ప్రకారం కూడా తెలంగాణలో ఆడవాళ్ళ అక్షరాస్యత 58 శాతం దగ్గరే ఉంది. ఆ లెక్కలో చదువు వచ్చినవాళ్ళ వైపు మా అమ్మ కూడా ఉంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా సేటు రాసిన ఆ తెల్ల అక్షరాలు కళ్ళ ముందుకొస్తాయి.

గుమ్మం పక్కన ఒక పెద్ద బల్ల ఉండేది. దాని మీద ఏముందో చూస్తే ఏ నెల నడుస్తుందో చెప్పొచ్చు. ఎండలు ముదిరేసరికి తొక్కుల సామాను: ఆవపిండి, మెంతిపిండి, దొడ్డుప్పు, ఎల్లిగడ్డ గంపలు, పల్లి నూనె డబ్బాలు. ఉగాదికి శనగపప్పు, బెల్లం, కొత్త చింతపండు. రంజాన్ నెల రాగానే బెల్లం జరిగిపోయి ఖర్జూరాల పెట్టెలు, సన్న సేమ్యాలు, సారపప్పు, పిస్తా వచ్చేవి. మా పక్కింటి ఖాలా షీర్ ఖుర్మా సామాను ఆ బల్ల మీదనే ఏరుకునేది. చెర్వుగట్టు జాతర ముందు కొబ్బరికాయల గుట్ట. సంక్రాంతికి తెల్ల నువ్వులు, ఓమ, బెల్లం. సకినాల పిండికి కొత్త బియ్యం ఏ బస్తాలో ఉందో సేటు అడగకముందే చెప్పేవాడు.

అన్నిటికంటే బతుకమ్మ నెల బల్ల నాకు ఇష్టం. సత్తుపిండికి పల్లీలు, నువ్వులు, పుట్నాలు. మలీదకు బెల్లం. వాటి పక్కన ఒక పాత అట్టపెట్టెలో చిన్న చిన్న రంగు పొట్లాలు. గునుగు పూలకు అద్దే రంగులు. గులాబీ, పచ్చ, నీలం. తెల్లటి గునుగు పూలు కట్టలు కట్టి రంగు నీళ్ళలో ముంచి, వాకిట్లో ఆరబెట్టి, తంగేడు వరస మీద ఒక వరసగా పేర్చేవాళ్ళం. ఆ పొట్లం పేపరుకు ఎప్పుడూ రంగు అంటుకుని ఉండేది. బుట్టలో వేసుకుంటే మిగతా సామానుకూ అంటేది. అమ్మ తిట్టేది. అయినా ఏ ఏడాదీ ఆ పొట్లాలు కొనకుండా రాలేదు. సద్దుల బతుకమ్మ ముందు రోజు సాయంత్రం ఆ అట్టపెట్టె చుట్టూ ఆడపిల్లలే. ఏ బస్తీ వాళ్ళు ఏ రంగు కొంటున్నారో దొంగచూపులు చూసుకునేవాళ్ళం.

ర్యాకుల పైన సజ్జ మీద అమ్మకానికి పెట్టని నిల్వ ఉండేది. దాన్ని దింపడానికి ఒక నిచ్చెన, ఆ నిచ్చెన ఎక్కడానికి ఒక మనిషి. కనగల్ దిక్కు ఊరి నుంచి వచ్చి చిన్న వయసులోనే పనిలో చేరాడు. పిల్లలందరికీ ఆయన నిచ్చెన మామ. అమ్మ తమ్మీ అని పిలిచేది. ఆయనకు బడి చదువు లేదు గానీ సజ్జ మీద ఏ మూలన ఏముందో కింద నుంచే చెప్పేవాడు. అమ్మ పప్పు ముందు నిలబడి ఆలోచిస్తుంటే, "అక్కా, అది వద్దు, రేపు కొత్త బస్తా ఇప్పుతం" అని మెల్లగా చెవిలో చెప్పేవాడు. సేటు విన్నా ఏమీ అనేవాడు కాదు.

ఉద్దెర ఖాతా గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను పొడిగించను. ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం, మా పేజీలో నాన్న పేరు, జీతం వచ్చిన రోజు కొట్టివేత. అంతే.

పటిక గురించి మాత్రం చెప్పాలి. ఈ జిల్లా నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి, దానికి మన ఊరి పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని. మా ఇంట్లో అంత శాస్త్రం తెలియదు. నీళ్ళు తేరడానికి బిందెలో పటిక ముక్క తిప్పేవాళ్ళం, అంతే. సేటు దుకాణంలో పటిక ఉప్పు పక్కనే ఉండేది. అది కూడా వంటింటి సామానే అన్నట్టు.

రెండోసారి ఎందుకు మార్చారో నాకు అర్థం కాకపోలేదు. 2016 అక్టోబర్ 11న 59 మండలాల నల్లగొండ జిల్లా మూడు జిల్లాలైంది. అంతకుముందు కలెక్టరేట్ పని మీద సూర్యాపేట, భువనగిరి దిక్కు నుంచి వచ్చినవాళ్ళు తిరిగి పోతూ పోతూ సంచి నింపుకుని బస్సెక్కేవాళ్ళు. ఆ గిరాకీ తగ్గిందని సేటు అనేవాడు. తర్వాత హైదరాబాద్ రోడ్డు మీద పెద్ద పెద్ద మాల్స్ వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీసి ఒక్కొక్కరినే లోపలికి పంపారు. అప్పుడు సేటుకు ఆరోగ్యం దెబ్బతిన్నది. గల్లా మీద ఆయన కొడుకు కూర్చున్నాడు. మేము చిన్న సేటు అంటాం. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. అప్పు చేసి, హైదరాబాద్ నుంచి డిజైన్ వేసేవాళ్ళను పిలిపించి పని మొదలుపెట్టాడు. మార్చకపోతే దుకాణమే ఉండేది కాదేమో. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

మంచి జరగలేదని కూడా అనను. పాత దుకాణానికి ఎత్తయిన మెట్లుండేవి. మర్రిగూడ, చండూరు దిక్కు నుంచి ఆ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి, ఫ్లోరోసిస్‌తో కాళ్ళు వంకర్లు పోయిన ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ మెట్లెక్కలేక రోడ్డు మీదే నిలబడి చీటీ లోపలికి పంపేవాళ్ళు. ఇప్పుడు ఆ మెట్ల చోట వాలు కట్టారు, పక్కన పట్టుకోవడానికి స్టీలు కమ్మీ. ఒక ముసలాయన కర్ర పట్టుకుని ఆ వాలు మీదుగా సొంతంగా లోపలికి రావడం చూశాను. ఆ ఒక్క పనికి చిన్న సేటుకు దండం పెట్టొచ్చు. బిల్లింగ్ దగ్గర ఆడపిల్లలకు ఉద్యోగాలు దొరికాయి. పండగ రోజుల్లో చెమటలు కక్కుతూ నిలబడే బాధ తప్పింది. గడువు తేదీ దాటిన సామాను కనబడటం లేదు.

కానీ సామాను వరస మారిపోయింది. తలుపు తీయగానే ఎదురుగా చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, ముఖానికి రాసే క్రీములు. బియ్యం, పప్పులు బాగా లోపలికి పోయాయి. పాలు, పెరుగు ఇంకా వెనక్కి. ఎందుకని చిన్న సేటునే అడిగాను.

"పాలకు అందరు వస్తరక్కా. అవి ఎనక పెడితే దుకాణమంత నడుస్తరు, నడుస్తే ఇంకేమన్న కొంటరు," అన్నాడు. ఏమీ దాచుకోలేదు. కంటి ఎత్తు వరసలో ఏ బ్రాండు పెట్టాలో కంపెనీలే చెప్తాయని, ఆ చోటుకు డబ్బులిస్తాయని కూడా చెప్పాడు. పిల్లల తినుబండారాలు కింది వరసలో, వాళ్ళ చేతికి అందేటట్టు. అన్నీ ఎక్కడో లెక్క కట్టి పెట్టినవే. ఆ లెక్కలో వంట లేదు. గుమ్మం దగ్గరి బల్ల కూడా పోయింది. ఆ చోట ఇప్పుడు సంచులు పెట్టి టోకెన్ తీసుకునే అరలు ఉన్నాయి. నెల ఏదైనా దుకాణం ఒకే తీరుగా ఉంటుంది.

బోర్డులు ఇంగ్లీషులో పెట్టారు. సేటు రేకు పలకలు ఒక్కటీ లేవు. పైకప్పు నుంచి వేలాడే ప్లాస్టిక్ పలకల మీద స్టేపుల్స్, పల్సెస్, స్పైసెస్, హోమ్ కేర్, పర్సనల్ కేర్. బస్తాలు లేవు. అన్నీ ప్యాకెట్లే. ప్యాకెట్ల మీద అక్షరాలు ఇంగ్లీషువే. ఇది మా దుకాణం ఒక్కదాని తప్పు కాదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం పేరు, బరువు, ధర లాంటి వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, వేసి తీరాలని లేదు. తెలుగు మాత్రమే వచ్చిన మనిషి నల్లగొండ నడిబొడ్డున ఉన్న దుకాణంలో కందిపప్పు పేరు చదువుకోలేకపోతే చట్టం లెక్కలో ఎవరి తప్పూ లేదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

కొత్త దుకాణం తెరిచిన వారంలోనే అమ్మను తీసుకుని పోయాను. ఆమె కొత్త చీర కట్టుకుంది. తలుపు లోపల అడుగుపెట్టి ఎడమ వైపు తిరిగింది, అలవాటుగా. అక్కడ షాంపూలు. కాసేపు వాటిని చూసి వెనక్కి తిరిగింది. వరసల మధ్య మెల్లగా నడిచింది. తల పైకెత్తి బోర్డు చూసింది. పెదవులు కదపలేదు. నేను పక్కనుండి చెప్తూ పోయాను, "అమ్మా, ఇక్కడ పప్పులు," "అమ్మా, ఇక్కడ ఉప్పు." ఆమె సరే సరే అంది. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి, ప్లాస్టిక్ పైనుంచే గింజలు నొక్కి చూసింది. మూత విప్పకూడదని ఆమెకు తెలుసు. పటిక ఎక్కడుందని అడిగితే పనిపిల్ల తీసుకుపోయి చూపించింది. గడ్డం గీసుకునే సామాను దగ్గర ఉంది.

ఆ సంక్రాంతికి జరిగింది చెప్తాను. చెక్కగారెలకు బియ్యం పట్టించుకు రావాలి. మోకాళ్ళ నొప్పులతో గిర్ని దాకా పోలేక, ప్యాకెట్ పిండి కొందామని నేను ఆఫీసులో ఉండగా ఆటో ఎక్కి దుకాణానికి పోయింది. తెల్లటి పిండి ప్యాకెట్లు వరసగా ఉన్నాయట. ఒకదాని మీద పిండివంటల బొమ్మ ఉంటే అదే అనుకుని తెచ్చింది. ఇంట్లో మూత కత్తిరించి, చిటికెడు పిండి వేళ్ళ మధ్య తీసుకోగానే తెలిసిపోయింది. మైదా. బస్తాలో చెయ్యి పెట్టి చూడగలిగిన రోజుల్లో ఆమె ఎన్నడూ అట్లా పొరపాటు పడలేదు. ఎవరం ఏమీ అనలేదు. ఆమె ఆ ప్యాకెట్‌కు రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టింది. అప్పటినుంచి ఒక్కతే పోవడం మానేసింది. ఏదైనా అయిపోతే, "నువ్వు పోయినప్పుడు తే బిడ్డా" అంటుంది.

నా బాధంతా ఇదే. కొత్త దుకాణం ఎవరినీ రావద్దనలేదు. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అయినా మొదటి మార్పు లోపలికి పిలిచిన మనిషిని రెండో మార్పు ఇంట్లో కూర్చోబెట్టింది.

నిచ్చెన మామ ఇంకా పనిలోనే ఉన్నాడు. ర్యాకులు మనిషి ఎత్తే కాబట్టి నిచ్చెన పని లేదు. యూనిఫాం వేసుకుని బయటికి పోయే తలుపు దగ్గర బిల్లుల మీద ముద్ర కొడుతున్నాడు. ఆయనకు ఇంగ్లీషు బోర్డులు రావు. కొత్త దుకాణం తెరవక ముందు ప్రతి రాత్రీ పని అయ్యాక వరసల మధ్య ఒక్కడే నడిచి ఏది ఎక్కడుందో మళ్ళీ మొత్తం బట్టీ పట్టాడట. ఆ సంగతి ఆయనే అమ్మతో చెప్పాడు. ఇప్పుడు పల్లెటూళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు లోపలికి పోయి తిప్పలు పడి, చివరికి ఆయన దగ్గరికే వచ్చి అడుగుతారు. ముద్ర పక్కన పెట్టి వాళ్ళను వెంట తీసుకుపోతాడు. అది ఆయన పని కాదు. సూపర్‌వైజర్ ఒకసారి కోప్పడ్డాడని కూడా విన్నాను.

పోయిన ఏడాది బతుకమ్మకు ముందు నేను చిన్న సేటు దగ్గరికి పోయి కూర్చున్నాను. మైదా సంగతి చెప్పాను. మీ నాన్న రాసిన రేకు పలకలు చదివే మా అమ్మ చదువు నిలుపుకుందని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ పలకలు పారేయలేదని, ఇంట్లో మేడ మీద ఉన్నాయని అన్నాడు. తర్వాత వ్యాపారం సంగతి కూడా మాట్లాడుకున్నాం. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పులు, పిండ్ల మీద, 25 కిలోల వరకయితే, 5 శాతం జీఎస్టీ ఉంది. విడిగా తూచి ఇస్తే లేదు. విడి సామాను అమ్మితే గిరాకీకి ధర తగ్గుతుంది, చెయ్యి పెట్టి చూసుకునే వీలూ ఉంటుంది. ఆయన ఆ లెక్క అప్పటికే వేసి ఉన్నాడు. చోటు లేదని ఆగాడట.

నెల రోజుల్లో టోకెన్ అరలు పక్కకు జరిపి, గుమ్మం దగ్గర విడి సామాను కౌంటర్ పెట్టాడు. స్టీలు తొట్లలో కంది, పెసర, మినుము, శనగపప్పు, పల్లీలు, నువ్వులు. ఎలక్ట్రానిక్ కాంటా, బరువు తూచగానే చీటీ ముద్రించి ఇస్తుంది. ఆ తొట్ల మీద సేటు రేకు పలకలు పెట్టాడు. పెయింటు అక్కడక్కడ రాలింది గానీ అక్షరాలు అట్లాగే ఉన్నాయి. నిచ్చెన మామను తలుపు దగ్గరి నుంచి తెచ్చి ఆ కౌంటర్ దగ్గర నిలబెట్టాడు. ఇది చిన్న సేటు చేసిన మంచి నిర్ణయం. ఆ మామ దగ్గర ఇప్పుడు ఎప్పుడు చూసినా నలుగురు ఆడవాళ్ళు ఉంటారు.

అమ్మ పప్పులకు మళ్ళీ ఒక్కతే పోతుంది. వాలు ఎక్కుతుంది, కమ్మీ పట్టుకుంటుంది, తొట్టిలో చెయ్యి పెడుతుంది. "తమ్మీ, ఇది పోయిన వారంది గాదా?" అని అడుగుతుంది. ఆయన దొంగచాటుగా అవునని తలూపుతాడు. అంతవరకు బాగుంది. ఆ కౌంటర్ దాటి లోపలికి మాత్రం పోదు. సబ్బు కావాలన్నా, చాయ్‌పత్తి కావాలన్నా నాకే చెప్తుంది.

రంగు పొట్లాలు రాలేదు. కోడ్ లేని సామాను కంప్యూటర్ తీసుకోదు. వాటిని కట్టి పంపేవాళ్ళకు బిల్లు పుస్తకమే లేదు. పోయిన బతుకమ్మకు క్లాక్ టవర్ దగ్గర తోపుడు బండి మీద కొన్నాం. గులాబీ, పచ్చ దొరికాయి, నీలం దొరకలేదు. పసుపు కొమ్ములు, వస, కరక్కాయ కూడా ఇప్పుడు బయటే కొనాలి.

సంక్రాంతి లోపు పిండి ప్యాకెట్ల వరస ముందు తెలుగు బోర్డులు పెట్టిస్తానని చిన్న సేటు మాటిచ్చాడు. పైకప్పు నుంచి వేలాడదీయవద్దని, మనిషి కంటి ఎత్తులోనే పెట్టమని, అక్షరాలు వాళ్ళ నాన్న రాసినంత పెద్దగా ఉండాలని నేను చెప్పాను. కంటి ఎత్తు చోటు కంపెనీలదని ఆయన గుర్తుచేశాడు. ర్యాకు అంచు మీద నాలుగు అంగుళాల పట్టీ ఖాళీగా ఉంది, అది ఎవరికీ అమ్మలేదు కదా అన్నాను. కొలిచి చూస్తానన్నాడు.